యూఎస్‌బీ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేటప్పుడు బూట్ కాకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

"పెన్‌డ్రైవ్ పెట్టాను, బూట్ కావట్లేదు" అనే ఒక్క మాట వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదారు సమస్యలు ఉంటాయి. ఏది ఎక్కడ ఆగిందో చూడకుండా పెన్‌డ్రైవ్‌ని (అంటే దాంట్లోకి ఇన్‌స్టాలర్‌ని) మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోతే రోజంతా గడిచినా పని కాదు. మొదటి ప్రశ్న చదివి, మీ సిస్టమ్ ఆగిన చోటు తేల్చుకుని, దానికి సంబంధించిన జవాబుకి వెళ్లండి.

## సమస్య ఎక్కడుందో ముందు ఎలా తేల్చుకోవాలి?

స్క్రీన్ మీద చివరిగా ఏం కనిపించిందో చూడండి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే రాకపోతే పోర్టు, బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగ్, పెన్‌డ్రైవ్ రాసిన పద్ధతి, ఈ మూడింటిలో ఒకటి తప్పు. పేరు ఉండి, ఎంచుకోగానే మళ్లీ మెనూకే వచ్చేస్తున్నా, "సెక్యూర్ బూట్ వయొలేషన్" అంటున్నా ఫర్మ్‌వేర్ (బయోస్, లేదా దాని కొత్త రూపమైన యూఈఎఫ్‌ఐ) ఆ బూట్ ఫైల్‌ని నడపలేకపోయింది, లేదా ఒప్పుకోలేదు. ఇన్‌స్టాలర్ మెనూ వచ్చి, ఎంటర్ కొట్టాక నల్లబడితే పెన్‌డ్రైవ్ తన పని చాలావరకు చేసినట్టే. అక్కడ అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌ని, కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగాన్ని). ఇన్‌స్టాలర్ తెరుచుకుని డిస్క్ కనబడలేదంటే అది స్టోరేజ్ డ్రైవర్ సంగతి. అంతా పూర్తయి, రీస్టార్ట్ తర్వాత ఆగితే బూట్ ఆర్డర్ గానీ బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) గానీ చూడాలి.

మెసేజ్ క్షణంలో మాయమవుతుంటే ఫోన్‌తో వీడియో తీసి ఆపి చూడండి. అదే పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడ బూట్ అయితే పెన్‌డ్రైవ్‌ని వదిలేసి మీ కంప్యూటర్ సెట్టింగ్స్ మీదే దృష్టి పెట్టవచ్చు. సెట్టింగ్స్ మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో కూడా తెలియదు.

## బూట్ మెనూ రావాలంటే ఏ కీ నొక్కాలి?

డెల్, లెనోవో థింక్‌ప్యాడ్, గిగాబైట్ బోర్డులకు ఎఫ్12. హెచ్‌పీకి ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌కి ఎస్కేప్, ఆసుస్ డెస్క్‌టాప్ బోర్డుకి ఎఫ్8. ఎంఎస్‌ఐ, ఏఎస్‌రాక్ బోర్డులకు ఎఫ్11. ఏసర్‌కి కూడా ఎఫ్12యే, కానీ చాలా మోడళ్లలో అది ముందుగా ఆఫ్‌లో ఉంటుంది. ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి మెయిన్ ట్యాబ్‌లో "ఎఫ్12 బూట్ మెనూ" ఆన్ చేయాలి. లెనోవో ఐడియాప్యాడ్‌లలో చాలావాటికి నోవో అనే చిన్న బటన్ గానీ రంధ్రం గానీ ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉండగా దాన్ని నొక్కితే బూట్ మెనూ వస్తుంది.

కీ నొక్కినా నేరుగా విండోస్‌లోకే వెళ్లిపోతోందంటే కారణం చాలాసార్లు ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. కెర్నల్ స్థితిని డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం పూర్తిగా ఆగి లేస్తుంది. అందుకే షట్‌డౌన్ చేసి ఆన్ చేసే బదులు రీస్టార్ట్ కొట్టి కీ నొక్కండి. ఇంకా నమ్మకమైన దారి ఉంది: షిఫ్ట్ నొక్కి పట్టుకుని స్టార్ట్ మెనూలో రీస్టార్ట్ క్లిక్ చేయండి. నీలం స్క్రీన్‌లో "యూజ్ ఎ డివైస్" ఎంచుకుంటే పెన్‌డ్రైవ్ పేరు అక్కడే కనిపిస్తుంది. ఆ ఆప్షన్ లేకపోతే "ట్రబుల్‌షూట్", "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" మీదుగా "యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్"కి వెళ్లి బూట్ ఆర్డర్ మార్చుకోవచ్చు.

## బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే కనిపించడం లేదు. ఎందుకు?

ముందు పోర్టు మార్చండి. డెస్క్‌టాప్ అయితే వెనక వైపు, నేరుగా మదర్‌బోర్డు మీదున్న పోర్టులో పెట్టండి. హబ్, ఎక్స్‌టెన్షన్ వైరు, కేబినెట్ ముందు పోర్టు వద్దు. యూఎస్‌బీ 2.0 పోర్టు (లోపల నలుపు లేదా తెలుపు రంగులో ఉండేది) ఉంటే అదే మేలు.

తర్వాత బయోస్‌లో రెండు చూడండి. "యూఎస్‌బీ బూట్" ఆఫ్‌లో ఉందేమో, "ఫాస్ట్ బూట్" ఆన్‌లో ఉందేమో. ఈ ఫాస్ట్ బూట్, విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వేర్వేరు. బయోస్‌లోది ఆన్‌లో ఉంటే కొన్ని బోర్డులు సమయం కలిసొస్తుందని యూఎస్‌బీ పరికరాలను వెతకడమే మానేస్తాయి.

ఇవి సరిగ్గానే ఉంటే పెన్‌డ్రైవ్ రాసిన పద్ధతి చూడాలి. లెగసీ (పాత తరహా) బయోస్ కోసం మాత్రమే రాసిన పెన్‌డ్రైవ్‌ని సీఎస్‌ఎం (పాత పద్ధతిలోనూ బూట్ కానిచ్చే ఆప్షన్) లేని కొత్త కంప్యూటర్ పట్టించుకోదు. యూఈఎఫ్‌ఐ కోసం మాత్రమే రాసినది పాత బయోస్ సిస్టమ్‌లో పనిచేయదు.

## ఐఎస్‌ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. అది చాలదా?

చాలదు. ఐఎస్‌ఓ ఒక మూట, ఇన్‌స్టాలర్ ఫైళ్లన్నీ కట్టిన ఒకే ఫైల్. మూటగా అలాగే ఉంటే లోపలున్న బూట్ ఫైల్ ఫర్మ్‌వేర్‌కి కనపడదు. యూఈఎఫ్‌ఐ వెతికేది ఒక్కటే: ఫ్యాట్32 (ఫైళ్లు దాచే ఒక ఫార్మాట్) పార్టిషన్‌లో "ఈఎఫ్‌ఐ" ఫోల్డర్, దాని లోపల "బూట్" ఫోల్డర్, అందులో "బూట్‌ఎక్స్64" పేరుతో ఈఎఫ్‌ఐ ఫైల్. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాలకు ఆ పేరే ఉండాలి. ఫైల్ మేనేజర్‌లో పెన్‌డ్రైవ్ తెరిచి ఈ దారి ఉందో లేదో మీరే చూసుకోవచ్చు.

అందుకే ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓ లోపలి ఫైళ్లన్నీ విప్పి కాపీ చేస్తే యూఈఎఫ్‌ఐ యంత్రంలో చాలావరకు బూట్ అవుతుంది. విండోస్ దగ్గర ఒక చిక్కు వస్తుంది: "సోర్సెస్" ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్.విమ్ ఫైల్ ఇప్పుడు తరచుగా 4 జీబీ దాటుతోంది. ఫ్యాట్32లో 4 జీబీని మించిన ఫైల్ పట్టదు. కాపీ మధ్యలో "ఫైల్ మరీ పెద్దది" అంటుంది, అక్కడ స్కిప్ కొట్టేస్తే పెన్‌డ్రైవ్ బూట్ అవుతుంది కానీ ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. దీనికి రెండు దారులు. విండోస్‌లోనే ఉండే డిజమ్ టూల్‌లోని స్ప్లిట్ ఇమేజ్ కమాండ్‌తో ఆ ఫైల్‌ని 3800 ఎంబీ ముక్కలుగా, ఎస్‌డబ్ల్యూఎం ఫైళ్లుగా కోసి అదే ఫోల్డర్‌లో పెట్టడం ఒకటి. విండోస్ సెటప్ వాటిని తనంతట తనే కలుపుకుని చదువుకుంటుంది. రెండోది రూఫస్ (ఐఎస్‌ఓని పెన్‌డ్రైవ్‌లోకి రాసే విండోస్ ప్రోగ్రామ్) వాడటం. అది పెద్ద పార్టిషన్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా చేసి, పక్కన ఒక బుల్లి ఫ్యాట్ పార్టిషన్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదివే డ్రైవర్ పెడుతుంది. అందువల్ల బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించవచ్చు. ఒకటి పనిచేయకపోతే రెండోది ఎంచుకోండి.

మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ వాడితే ఈ తంటా ఉండదు. దానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి.

## రూఫస్‌లో జీపీటీ పెట్టాలా, ఎంబీఆర్ పెట్టాలా? ఐఎస్‌ఓ మోడా, డీడీ మోడా?

జీపీటీ, ఎంబీఆర్ అనేవి డిస్క్‌ని పార్టిషన్లుగా విభజించే కొత్త, పాత పద్ధతులు. యూఈఎఫ్‌ఐతో వచ్చిన కంప్యూటర్ అయితే జీపీటీ, టార్గెట్ సిస్టమ్ "యూఈఎఫ్‌ఐ". పాత బయోస్ అయితే ఎంబీఆర్. ఏదో తెలియకపోతే విండోస్‌లో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "ఎంఎస్‌ఇన్ఫో32" (msinfo32) అని ఇంగ్లిషులో కొట్టండి. "బయోస్ మోడ్" ఎదురుగా యూఈఎఫ్‌ఐ అనో లెగసీ అనో ఉంటుంది.

లినక్స్ ఐఎస్‌ఓ రాసేటప్పుడు రూఫస్ ఐఎస్‌ఓ మోడ్, డీడీ మోడ్ రెండూ చూపిస్తే ముందు ఐఎస్‌ఓ మోడ్‌తో ప్రయత్నించండి. "ఎల్‌డీలినక్స్.సీ32 దొరకలేదు" లాంటి ఎర్రర్ వచ్చినా, బూట్ మెనూకే తిరిగొస్తున్నా డీడీ మోడ్‌తో మళ్లీ రాయండి. డీడీ మోడ్ ఐఎస్‌ఓని ఉన్నదున్నట్టు, బైట్‌కి బైట్ దించేస్తుంది. ఆ తర్వాత విండోస్‌లో పెన్‌డ్రైవ్ పెడితే "ఫార్మాట్ చేయాలి" అని అడగవచ్చు. అది పాడైందని కాదు, ఆ ఫైల్ సిస్టమ్ విండోస్‌కి అర్థం కాలేదంతే. ఫార్మాట్ నొక్కితే చేసిన పనంతా పోతుంది.

లినక్స్‌లో డీడీ కమాండ్‌తో రాసేవాళ్లకు ఒక హెచ్చరిక: రాయాల్సింది మొత్తం డ్రైవ్‌కి, దాని మొదటి పార్టిషన్‌కి కాదు. అంటే పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ అయితే ఎస్‌డీబీకి రాయాలి, ఎస్‌డీబీ1కి కాదు. కమాండ్ కొట్టేముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే (డ్రైవ్‌ల జాబితా చూపే కమాండ్) ఇచ్చి సైజు చూసి, అది పెన్‌డ్రైవే అని రెండుసార్లు నిర్ధారించుకోండి. పేరులో ఒక అక్షరం తేడా వస్తే మీ హార్డ్‌డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది.

## డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ, పెన్‌డ్రైవ్ మంచివేనా అని ఎలా తెలుసుకోవాలి?

ఐఎస్‌ఓ దించుకున్న సైట్‌లోనే సాధారణంగా ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) ఇస్తారు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సెర్ట్‌యుటిల్ హ్యాష్‌ఫైల్ కమాండ్, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్ మీ ఫైల్ విలువ చూపిస్తాయి. 64 అక్షరాలూ కలవాలి. ఒక్కటి తేడా ఉన్నా ఆ ఫైల్ వాడొద్దు.

ఐఎస్‌ఓ బాగుండి కూడా ఇన్‌స్టాల్ ప్రతిసారీ వేర్వేరు చోట్ల ఆగుతుంటే పెన్‌డ్రైవ్‌ని అనుమానించండి. 64 జీబీ అని రాసి లోపల 8 జీబీ చిప్ ఉండే నకిలీలు ఉన్నాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 వాటిని పట్టేస్తాయి. రాయడం 100 శాతం చూపించగానే పెన్‌డ్రైవ్ లాగేయడం కూడా తరచుగా జరిగే తప్పే. డేటా ఇంకా మెమరీ నుంచి దిగుతూ ఉండవచ్చు. ఎజెక్ట్ చేసి, తీసేయవచ్చని చెప్పాకే తీయండి.

## "సెక్యూర్ బూట్ వయొలేషన్" అంటోంది. సెక్యూర్ బూట్ ఆఫ్ చేసేయవచ్చా?

సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడపనిచ్చే ఫర్మ్‌వేర్ కాపలా. దాన్ని ఆఫ్ చేయవచ్చు, కానీ అంతకుముందు ఒక పని తప్పనిసరి. ఆ కంప్యూటర్‌లో విండోస్ ఉండి బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాట్లు) ఆన్‌లో ఉంటే, సెక్యూర్ బూట్ మార్చాక విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు. ముందు ఆ కీని వేరే చోట రాసిపెట్టుకోండి, బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేయండి, ఆ తర్వాతే బయోస్‌లో చెయ్యి పెట్టండి. తమకు తెలియకుండానే ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిన ల్యాప్‌టాప్‌లు వాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

నిజానికి ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఓపెన్‌సూసే బూట్‌లోడర్లకు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది. వాటికి సెక్యూర్ బూట్ ఆపనక్కర్లేదు. అయినా వయొలేషన్ వస్తే బయోస్‌లో "అలౌ మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ యూఈఎఫ్‌ఐ సీఏ" అనే ఆప్షన్ ఉందేమో చూడండి. 2022 నుంచి వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా థింక్‌ప్యాడ్‌లలో, అది ఆఫ్‌లో వస్తుంది. దాన్ని ఆన్ చేస్తే చాలు. ఆర్చ్ లాంటి సంతకం లేని ఐఎస్‌ఓలకు మాత్రం సెక్యూర్ బూట్ ఆపక తప్పదు.

"వెరిఫయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అని వస్తే అది వేరే సంగతి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత, పాత షిమ్ (సెక్యూర్ బూట్‌లో మొదట నడిచే లినక్స్ బూట్ ఫైల్) ఉన్న లినక్స్ పెన్‌డ్రైవ్‌లు ఇలా ఆగిపోయాయి. ఆ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) తాజా ఐఎస్‌ఓ దించుకుని రాయండి.

ఏసర్ ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆప్షన్ మసకగా ఉండి మారకపోతే, సెక్యూరిటీ ట్యాబ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టండి, అప్పుడు తెరుచుకుంటుంది. పని అయ్యాక పాస్‌వర్డ్ తీసేయండి. అది మర్చిపోతే బయోస్‌లోకి వెళ్లడమే కష్టం.

వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఐఎస్‌ఓలు పెట్టుకునే టూల్) వాడేవాళ్లకు మొదటిసారి నీలం స్క్రీన్ వస్తుంది. "ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్" ఎంచుకుని, వీటాయ్‌ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉన్న సర్టిఫికెట్ ఫైల్ చూపించి రీబూట్ చేస్తే మళ్లీ అడగదు.

## లినక్స్ మెనూ వచ్చింది, ఎంటర్ కొట్టగానే నల్ల స్క్రీన్. ఏం చేయాలి?

కొత్త గ్రాఫిక్స్ కార్డులున్న చోట, ముఖ్యంగా ఎన్‌విడియా ఉన్న చోట ఇది మామూలే. మెనూలో "సేఫ్ గ్రాఫిక్స్" ఉంటే దాన్నే ఎంచుకోండి. లేకపోతే చేత్తో చేయాలి.

గ్రబ్ (లినక్స్ బూట్‌లోడర్) మెనూలో ఇన్‌స్టాల్ ఆప్షన్ మీద నిలబడి కీబోర్డు మీద "ఇ" నొక్కండి. కొన్ని లైన్లు తెరుచుకుంటాయి. అందులో "లినక్స్" అనే మాటతో మొదలయ్యే లైన్ వెతకండి. దాని చివర సాధారణంగా "క్వయెట్ స్ప్లాష్" అని ఉంటుంది. ఆ రెండు మాటలూ చెరిపేసి, ఆ స్థానంలో "నోమోడ్‌సెట్" (nomodeset) అని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ముందు మాటకీ దీనికీ మధ్య ఒక ఖాళీ ఉండాలి. తర్వాత కంట్రోల్, ఎక్స్ కలిపి గానీ ఎఫ్10 గానీ నొక్కితే బూట్ మొదలవుతుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే. తప్పు కొట్టినా రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది, భయం లేదు.

నోమోడ్‌సెట్ చేసేదేమిటంటే, కెర్నల్‌లోని గ్రాఫిక్స్ డ్రైవర్ స్క్రీన్ మోడ్ మార్చకుండా ఆపి, ఫర్మ్‌వేర్ ఇచ్చిన మామూలు డిస్‌ప్లేతోనే నడిపిస్తుంది. స్క్రీన్ రిజల్యూషన్ తక్కువగా ఉంటుంది, ఇన్‌స్టాల్‌కి అది చాలు. ఎక్కించడం పూర్తయ్యాక అసలు డ్రైవర్ వేసుకుని దీన్ని తీసేయాలి, లేకపోతే గ్రాఫిక్స్ ఎప్పటికీ నెమ్మదిగానే ఉంటాయి.

క్వయెట్ స్ప్లాష్ చెరపమన్నది ఊరికే కాదు. అవి పోతే బూట్ మెసేజ్‌లన్నీ కనిపిస్తాయి. నోమోడ్‌సెట్‌తో కూడా ఆగిపోతే, ఏ లైన్ దగ్గర ఆగిందో చూస్తే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది.

## ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ లేదా డ్రాకట్ ఎమర్జెన్సీ షెల్ దగ్గర ఆగిపోయింది

ఈ రెండూ బూట్ మధ్యలో ఆగినప్పుడు వచ్చే అత్యవసర కమాండ్ స్క్రీన్లు. కెర్నల్ లేచింది, కానీ తను ఏ పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిందో అదే దానికి దొరకలేదు. ఉబుంటు రకాల్లో అయితే ముందు పోర్టు మార్చండి, 3.0 నుంచి 2.0కి. ఫెడోరా రకాల్లో ఎక్కువగా లేబుల్ సమస్య. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌ని దాని వాల్యూమ్ పేరుతో వెతుకుతుంది. రాసేటప్పుడు ఆ పేరు మారినా, ఫ్యాట్‌లో 11 అక్షరాలకు కత్తిరించుకుపోయినా దొరకదు. డీడీ మోడ్‌లో రాస్తే పేరు మారదు.

## విండోస్ సెటప్‌లో డిస్క్ కనిపించడం లేదు. ఎస్‌ఎస్‌డీ పోయిందా?

చాలావరకు పోలేదు. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్‌లో వస్తుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్ (ఒక రకం ఎస్‌ఎస్‌డీ) దాని వెనక ఉంటుంది. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్ సెటప్‌లో లేకపోతే లిస్ట్ ఖాళీగా కనిపిస్తుంది.

డ్రైవర్ ఇవ్వడం సరైన పద్ధతి. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ కింద ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకోండి. అది ఈఎక్స్‌ఈగా వస్తే అలాగే పెన్‌డ్రైవ్‌లో పెడితే సెటప్ చదవలేదు. ముందు విప్పి, లోపలున్న ఐఎన్‌ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్ ఫైళ్లున్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టాలి. సెటప్‌లో "లోడ్ డ్రైవర్", "బ్రౌజ్" నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. పేరు రాకపోతే, సరిపోని డ్రైవర్లను దాచే టిక్ తీసేయండి. వీఎండీ పేరున్న కంట్రోలర్ ఎంచుకుంటే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

బయోస్‌లో వీఎండీ ఆపేయడం రెండో దారి. ఏసర్‌లో ఈ ఆప్షన్ దాగి ఉంటుంది. మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ నొక్కితే బయటపడుతుంది. డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా ఎక్కిస్తుంటే ఇది ఫర్వాలేదు. ఉన్న విండోస్‌ని అట్టే పెట్టుకుని పక్కన లినక్స్ ఎక్కించాలనుకుంటే మాత్రం నేరుగా ఆపేయకండి. ఆ విండోస్ "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటూ నీలం స్క్రీన్‌తో ఆగుతుంది. ముందు ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి బయోస్‌లో మార్చి, విండోస్‌ని ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపండి. తర్వాత ఆ టిక్ తీసేస్తే మామూలుగా వస్తుంది.

## "మీకు కావాల్సిన మీడియా డ్రైవర్ లేదు" అంటోంది. ఏ డ్రైవర్ వెతకాలి?

ఈ మెసేజ్ తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ ఎక్కువగా ఏ డ్రైవరూ అవసరం ఉండదు. సెటప్ తన పెన్‌డ్రైవ్‌నే చదవలేకపోతోంది. పెన్‌డ్రైవ్ తీసి వేరే పోర్టులో పెట్టి, సెటప్ మళ్లీ మొదలుపెట్టండి. అప్పటికీ అదే వస్తే ఐఎస్‌ఓ ఎస్‌హెచ్‌ఏ256 సరిచూసుకుని మళ్లీ రాయండి. విండోస్ 7 దగ్గర మాత్రం నిజంగానే యూఎస్‌బీ 3.0 డ్రైవర్ ఉండదు, కాబట్టి 2.0 పోర్టు తప్పనిసరి.

## "ఈ డిస్క్‌లో ఎంబీఆర్ ఉంది, జీపీటీలోనే ఇన్‌స్టాల్ అవుతుంది" అంటోంది

పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐలో లేచింది, డిస్క్ పాత పద్ధతిలో ఉంది. డిస్క్‌లో మీకు కావాల్సింది ఏమీ లేకపోతే షిఫ్ట్, ఎఫ్10 నొక్కి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి) వచ్చిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ తెరవండి. లిస్ట్ డిస్క్‌తో సైజులు చూసి సరైన డిస్క్‌ని సెలెక్ట్ చేసి, క్లీన్, తర్వాత కన్వర్ట్ జీపీటీ కొట్టండి. క్లీన్ కమాండ్ ఆ డిస్క్‌లోని అన్ని పార్టిషన్లనూ తీసేస్తుంది, సీ డ్రైవ్‌ని మాత్రమే కాదు. "డీ డ్రైవ్‌లో ఫొటోలు ఉన్నాయి, అవి ఉంటాయిగా" అనుకుంటే పొరపాటు.

డేటా ఉండాలంటే పాత విండోస్‌లోంచే ఎంబీఆర్2జీపీటీ టూల్ నడపండి. విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి అది విండోస్‌తోనే వస్తుంది. అయినా బ్యాకప్ తీసుకున్నాకే చేయండి.

## సెటప్ సగం అయ్యాక రీస్టార్ట్ అయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది

బూట్ ఆర్డర్‌లో పెన్‌డ్రైవ్ మొదట ఉంది. ఫైళ్లు కాపీ అయి మొదటిసారి రీస్టార్ట్ అయ్యే క్షణంలో పెన్‌డ్రైవ్ లాగేయండి. "ప్రెస్ ఎనీ కీ" వచ్చినప్పుడు కీ నొక్కకుండా వదిలేసినా సరిపోతుంది.

## లినక్స్ ఎక్కించాను, కానీ రీస్టార్ట్ చేస్తే విండోస్ ఒక్కటే వస్తోంది

బయోస్ బూట్ ఆర్డర్‌లో "విండోస్ బూట్ మేనేజర్" పైనుంటే, "ఉబుంటు" లేదా మీ డిస్ట్రో పేరుని దాని పైకి జరపండి. ఆ పేరే లేకపోతే, లినక్స్ పెన్‌డ్రైవ్ లెగసీలో లేచి, విండోస్ యూఈఎఫ్‌ఐలో ఉందేమో చూడండి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించినప్పుడు "యూఈఎఫ్‌ఐ" అని ముందున్నదాన్నే ఎంచుకోవాలి. రెండు సిస్టమ్‌లూ ఒకే పద్ధతిలో ఉండాలి. లైవ్ మోడ్‌లో (ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడుపుతూ) టెర్మినల్ తెరిచి, సిస్ ఫోల్డర్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో "ఈఎఫ్‌ఐ" ఉందో లేదో చూస్తే మీరు ఏ పద్ధతిలో లేచారో తెలిసిపోతుంది. లేకపోతే లెగసీ అన్నమాట.

## మ్యాక్‌లో ఎలా?

ఇంటెల్ మ్యాక్‌లో ఆన్ చేస్తూ ఆప్షన్ కీ నొక్కి పట్టుకోండి. టీ2 చిప్ ఉన్నవాటిలో ముందు రికవరీలోని స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో బయటి డ్రైవ్ నుంచి బూట్‌కి అనుమతి ఇవ్వాలి. యాపిల్ సిలికాన్ మ్యాక్‌లలో మామూలు 64 బిట్ ఇంటెల్ ఐఎస్‌ఓ బూట్ కాదు.

## మార్చిన బూట్ ఆర్డర్ ప్రతిసారీ పాతదానికే వెళ్లిపోతోంది

బయోస్‌లో తేదీ కూడా వెనక్కి వెళ్తుంటే మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా సీఆర్2032, 3 వోల్టుల గుండ్రటి బిళ్ల. కరెంట్ తీసేసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. తర్వాత తేదీ, బూట్ మోడ్, స్టోరేజ్ మోడ్ ముందు ఎలా ఉన్నాయో అలాగే సరిచేయండి. బ్యాటరీ తీసినప్పుడు అవి డిఫాల్ట్‌కి వెళ్లిపోతాయి కాబట్టి, అప్పటిదాకా చక్కగా లేచిన సిస్టమ్ కూడా "నో బూటబుల్ డివైస్" అనవచ్చు.